మరపడవ అదిరితే విప్పక ముందే వినాలి

తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు విరామం. పడమటి తీరాన అది జూన్ 1 నుండి జూలై 31 వరకు. ఒకే పుదుచ్చేరి పాలనలో ఉన్నప్పటికీ యానాం పడవలు మొదటి లెక్కను, మాహే పడవలు రెండవ లెక్కను పాటిస్తాయి. కాకినాడ, విశాఖ రేవులలోనైనా, చెన్నై కాసిమేడులోనైనా, ఒడిశాలోని పారాదీపులోనైనా, ఉత్తరాంధ్ర నుండి మన మత్స్యకార సోదరులు పనికి వెళ్లే మల్పె, మంగళూరు రేవులలోనైనా విరామం ముగిసిన తొలి వారంలో వినవచ్చే మొర ఒకటున్నది: "ఇంజను స్లోలో నిలవడం లేదు, గేరు వేస్తే పడవంతా అదురుతోంది."

ఈ మొరలో రెండు మాటలున్నాయి. ఇంజను స్లోలో నిలవకపోవడం ఒకటి. గేరు వేసినప్పుడు పడవ అదరడం మరొకటి. ఈ రెండింటినీ ఒకే జబ్బుగా విని, ఒకే మందు వేయబోవడం వలననే మన పడవల యజమానులు చేతి డబ్బు పోగొట్టుకొంటున్నారన్నది నా అభిప్రాయం. ఇంజెక్టర్లు మార్చిన తరువాత కూడా అదురు పోదు. గేరుబాక్సు విప్పి బిగించిన తరువాత కూడా ఇంజను నిలవదు. అప్పటికి వేటకు అనువైన పది రోజులు గడిచిపోయి ఉంటాయి.

పడవ అడుగున దిమ్మెలపై బిగించి, గేరుబాక్సు ద్వారా షాఫ్టును, ఆ షాఫ్టు చివరనున్న ప్రొపెల్లరును తిప్పే లోపలి ఇంజను గురించే ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. పూరీ, గోపాలపురం ఇసుక తీరాల నుండి కడలికి వెళ్లే చిన్న పడవలకు వెనుక తగిలించే ఇంజన్ల తీరు వేరు. హోసూరు, బళ్లారి, కోలారు పాఠకులకు ఈ సంగతి దూరమనిపించవచ్చును. కానీ నీటి పంపుకు డీజిలు ఇంజనును జతపరచిన ప్రతి రైతుకూ ఇందులో సగం తెలిసినదే. ఇంజను, కప్లింగు, తిరిగే ఇరుసు అన్నవి మెట్టనైనా కడలినైనా ఒకే ధర్మానికి లోబడి ఉంటాయి.

విరామం తరువాతనే ఈ రెండు జబ్బులూ కలిసి ఎందుకు కనిపిస్తాయో మొదట చూడాలి. రెండు నెలలు కదలని పడవలో డీజిలు టాంకు సగం ఖాళీగా ఉంటుంది. పగటి వేడికి, రాత్రి చలువకు ఆ ఖాళీలోని గాలిలో ఉన్న తేమ చెమ్మగా మారి, నీరై అడుగుకు చేరుతుంది. నీరు, డీజిలు కలిసే పొర వద్ద సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు తయారవుతుంది. రేవులో కట్టి ఉన్నంతకాలం అది అడుగుననే పడి ఉంటుంది. పడవ మొదటి కెరటం మీద ఊగగానే కలగుండు పడి ఫిల్టరులోకి వస్తుంది. ఇంజను స్లోలో నిలవకపోవడానికి ఇదొక్కటే కారణమని చెప్పను కానీ, జూన్ నెలలో మొదట అనుమానించవలసినది దీనినే.

రెండవ జబ్బు పుట్టుక వేరు. విరామంలో పడవను ఒడ్డుకు లాగి, అడుగు దూలం కింద దిమ్మెలు పెట్టి నిలుపుతారు. నీటిలో ఉన్నప్పుడు పడవ బరువును నీరు అన్ని వైపుల నుండి సమంగా మోస్తుంది. ఒడ్డున ఆ బరువంతా నాలుగైదు దిమ్మెల మీద పడుతుంది. పడవ ఒడలు కొద్దిగా వంగుతుంది. కొయ్య పడవ మరికొంత ఎక్కువగా వంగుతుంది, పైగా ఎండి బిగుస్తుంది. ఆ స్థితిలో గేరుబాక్సు కప్లింగును, షాఫ్టు కప్లింగును ఎంత నేర్పుగా సరిచూసి బిగించినా, పడవ తిరిగి నీటిలోకి దిగి తన ఆకారానికి వచ్చినప్పుడు ఆ సరి తప్పుతుంది. ఒడ్డున చేసిన అమరికను తుది అమరికగా భావించడం మన రేవులలో పాతుకుపోయిన అలవాటు. దీనిని మాత్రం గట్టిగానే ఖండించవలసి ఉన్నది.

కాబట్టి మెకానిక్కు వచ్చినప్పుడు ఏమి చెప్పాలన్నది అసలు ప్రశ్న. "ఇంజను బాగోలేదు" అన్న మాట వినిన మెకానిక్కు తనకు అలవాటైన చోటనే విప్పుతాడు. అతనిని తప్పు పట్టడానికి లేదు, అతనికి అందిన సమాచారం అంతే. మల్పెలో ఆ మెకానిక్కు తుళువో కన్నడమో మాట్లాడవచ్చును, పారాదీపులో ఒడియా మాట్లాడవచ్చును, మనవారి మాట అతనికి సగమే చేరవచ్చును. అయితే పడవ మీద నిలబడి ఇంజను చప్పుడును రాత్రింబవళ్లు వింటున్నవాడు సరంగే. ఆ చప్పుళ్లకు వేర్వేరు పేర్లు మన భాషలో ఏనాటి నుండో ఉన్నాయి. ఊపు వేరు, వణుకు వేరు, అదురు వేరు, కుదుపు వేరు, గలగల వేరు, గరగర వేరు. వీటన్నిటినీ కలిపి 'వైబ్రేషను' అన్న ఒక్క మాటలో పడవేసిన నాడు సగం రోగనిర్ణయాన్ని మనమే చెరిపివేసుకొన్నట్లు.

గేరు న్యూట్రల్‌లో ఉండగా ఇంజను తన రబ్బరు మౌంటుల మీద అటూ ఇటూ ఊగుతున్నదంటే అది ఊపు. ఏదో ఒక సిలిండరు మండకపోవడం గానీ, స్లో చుట్లను మరీ తక్కువగా పెట్టడం గానీ కారణం కావచ్చును. చుట్లు తమంతట తామే పెరిగి తగ్గుతూ ఉంటే డీజిలు దారిలో గాలి చొరబడుతున్నదో, గవర్నరు కుదురుగా లేదో చూడాలి. న్యూట్రల్‌లో గేరుబాక్సు వైపు నుండి డబ్బాలో గులకరాళ్లు కదిపినట్లు గలగల వినవస్తూ, చుట్లు కొద్దిగా పెంచగానే ఆగిపోతే గేర్లు పాడైనట్లు కాదు. ఫ్లైవీలుకు, గేరుబాక్సుకు నడుమ ఉండే డాంపర్ ప్లేటు స్ప్రింగులు వదులయ్యాయనో, స్లో మరీ తగ్గిందనో అర్థం. గేరు వేసినప్పుడే మొదలై, వేగంతో పాటు పెరిగేది అదురు. దాని మూలం కప్లింగులో, షాఫ్టులో, ప్రొపెల్లరులో వెదకాలి. గేరు పడే క్షణంలో మాత్రమే దబ్బున తగిలేది కుదుపు. స్లో మరీ ఎక్కువగా ఉన్నా, మౌంటు బోల్టు వదులైనా అది వస్తుంది. గరగర అన్నది అరిగిన బేరింగు మాట. అది వినిపించిన తరువాత మాత్రం వేటకు పోరాదు.

స్లో గురించి ఒక మాట. డీజిలు మిగులుతుందని స్లో చుట్లను తయారీదారు చెప్పినదానికంటె తగ్గించి పెట్టుకోవడం చాలాచోట్ల ఉన్నది. చుట్లు తగ్గినకొద్దీ ఒక మంటకూ మరొక మంటకూ నడుమ ఎడం పెరుగుతుంది, ఇంజను తోపు తోపుగా తిరుగుతుంది. ఆ తోపులన్నీ డాంపర్ ప్లేటు స్ప్రింగులే మింగవలసి వస్తుంది. మిగిలిన డీజిలు ఖరీదు ఆ ప్లేటు ఖరీదుకు సరిపోదు. స్లోను 50 చుట్లు పెంచి చూడండి. ఊపూ గలగలా రెండూ పోతే అక్కడితో ఆగండి, దేనినీ విప్పనక్కరలేదు.

అలా పోకపోతే ఇంజనును పరీక్షించాలి. ముందుగా డీజిలు నుండి నీటిని వేరుచేసే గిన్నె అడుగు మరను తిప్పి ఒక గాజు సీసాలోకి పట్టి చూడాలి. నీరు అడుగున వేరుగా తేలిపోతుంది. ఫిల్టరు మార్చి, గాలి తీసివేసిన తరువాత కూడా ఇంజను నిలవకపోతే అప్పుడు సిలిండర్ల వంతు. ఇంజను స్లోలో తిరుగుతుండగా ఒక్కొక్క ఇంజెక్టరుకు వచ్చే పైపు నట్టును కొద్దిగా వదులు చేసి తిరిగి బిగించడం మెకానిక్కులు ఎరిగిన పాత పరీక్ష. పనిచేస్తున్న సిలిండరు నట్టు వదిలితే ఇంజను చప్పుడు మారుతుంది, చుట్లు పడిపోతాయి. వదిలినా మార్పు లేదంటే ఆ సిలిండరు అంతకుముందే పనిచేయడం లేదన్నమాట. అయినంత మాత్రాన కొత్త ఇంజెక్టరు కొననక్కరలేదు. ఆ ఇంజెక్టరును పక్క సిలిండరులోని దానితో మార్చి పెట్టాలి. జబ్బు కూడా పక్కకు జరిగితే ఇంజెక్టరుదే లోపం. జరగకుండా అక్కడే ఉంటే వాల్వులనో, కంప్రెషనునో, పంపునో చూడాలి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక గంట సమయం. ఇది అనుభవజ్ఞుడు చేయవలసిన పని. ఆ పైపులోని ఒత్తిడికి చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు, కళ్లను తీయగలదు. కామన్ రైల్ పద్ధతి ఉన్న కొత్త ఇంజన్లలో ఈ నట్టు జోలికే పోకూడదు, వాటికి కంప్యూటరు పరీక్ష వేరుగా ఉన్నది.

అదురుకు ఒక చిన్న గణితం ఉన్నది. బడి పిల్లలు కూడా చేయగలిగినదే. ఆరు సిలిండర్ల ఇంజను స్లోలో నిమిషానికి 700 చుట్లు తిరుగుతున్నదనీ, గేరుబాక్సు మూడు చుట్లను ఒక చుట్టుగా తగ్గిస్తున్నదనీ అనుకొందాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకొకసారి మండుతుంది. అంటే ఒక సిలిండరు మిస్సయితే నిమిషానికి 350 సార్లు, సెకనుకు దాదాపు ఆరు సార్లు ఊపు వస్తుంది. షాఫ్టు నిమిషానికి 233 చుట్లు తిరుగుతుంది. అది వంగి ఉంటే సెకనుకు దాదాపు నాలుగు సార్లు అదురు వస్తుంది. ప్రొపెల్లరుకు మూడు రెక్కలుంటే, రెక్కల వలన పుట్టే అదురు నిమిషానికి 700. ఇది ఇంజను చుట్లతో సరిగ్గా సమానం! ఈ లెక్క గల పడవలలో ఫ్లైవీలు అదురుకూ రెక్కల అదురుకూ తేడా చెవికి తెలియదు. న్యూట్రల్‌లో అదే 700 చుట్ల వద్ద ఉంచి చూస్తే గానీ విడివడదు. నాలుగు రెక్కలుంటే లెక్క 933 అవుతుంది, అప్పుడు చిక్కు లేదు. సెకనుకు ఆరో నాలుగో లెక్కించడం కష్టమేమీ కాదు. గేరుబాక్సు మీద నీటి గ్లాసు పెట్టి, ఈనాడు ప్రతివారి చేతనూ ఉన్న మొబైలుతో నిదాన చలనంలో చిత్రీకరిస్తే చాలు. భాష రాని ఊరిలో మెకానిక్కుకు ఆ చిత్రమే దుబాసీ.

ఇంతకంటె నిక్కమైన పరీక్ష మరొకటి ఉన్నది. కప్లింగు బోల్టులు తీసి షాఫ్టును గేరుబాక్సు నుండి విడదీయాలి. ఆపైన ఇంజనును నడిపి, గేరు వేసి చూడాలి. అదురు అలాగే ఉంటే జబ్బు కప్లింగుకు ఇవతల, అంటే ఇంజనులోనో గేరుబాక్సులోనో ఉన్నది. అదురు మాయమైతే కప్లింగుకు అవతల ఉన్నది. బోల్టులు తీయక ముందే షాఫ్టును గట్టిగా కట్టివేయాలి. లేకుంటే ప్రవాహానికి అది వెనుకకు జారి, చుక్కానికి తగిలేదాకా పోవచ్చును, ఆ సందులో నుండి నీరు లోపలికి రావచ్చును. ఈ ఒక్క పరీక్ష చేయకుండా గేరుబాక్సును విప్పడానికి ఏ యజమానీ ఒప్పుకోరాదు. అరగంటలో తేలే సంగతికి వారం రోజులు ఎందుకు?

జబ్బు అవతల ఉన్నదని తేలితే మొదట నీటిలోకి దిగి ప్రొపెల్లరును చూడాలి. ఇంజనును ఆపి, బ్యాటరీ మీట తీసి, తాళం చెవి మొలకు కట్టుకొని దిగాలి. వల పోగు చుట్టుకొనడం, రెక్క అంచు వంగడం మన మొగల దగ్గర అరుదు కాదు. ప్రొపెల్లరు బాగుంటే కప్లింగు ముఖాల నడుమ ఎడాన్ని ఫీలర్ గేజితో పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చోట్ల కొలవాలి. కప్లింగు వ్యాసం ఎన్ని అంగుళాలో, ఎడంలో తేడా అంగుళంలో అన్ని వెయ్యో వంతులకు మించరాదన్నది వాడుకలో ఉన్న కొలత. అయిదంగుళాల కప్లింగుకు అది 0.127 మిల్లీమీటరు, తల వెంట్రుక ఒకటి రెండింటి మందం. తరువాత షాఫ్టును సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవాలి. ఎక్కువ ఎడం అదే దిక్కున నిలిచి ఉంటే అమరిక తప్పింది, మౌంటులు సరిచేస్తే చాలు. ఎక్కువ ఎడం షాఫ్టుతో పాటు తిరిగితే షాఫ్టో కప్లింగో వంగింది. అప్పుడు మౌంటులు ఎంత సరిచేసినా ప్రయోజనం లేదు. ఈ రెండో కొలత తీయకనే అమరిక సరిచేస్తూ కూర్చోవడం నేను చాలా రేవులలో చూచాను.

రెండు జబ్బులూ నిజంగానే ఒకటైన సందర్భం లేకపోలేదు. ఒక సిలిండరు మిస్సవుతున్న ఇంజను చాలాకాలం నడిస్తే ఆ తోపులకు డాంపర్ ప్లేటు స్ప్రింగులు విరుగుతాయి. అప్పుడు గేరుబాక్సు గలగలలాడుతుంది. కేవలం ప్లేటు మార్చి, మిస్సును వదిలేస్తే కొత్త ప్లేటూ అదే దారి పడుతుంది. నూనె తైలం వలన మెత్తబడిన రబ్బరు మౌంటు ఒకవైపు కుంగితే ఇంజను ఊపూ, కప్లింగు అదురూ రెండూ దాని నుండే పుడతాయి. గేరుబాక్సు నూనెను మాత్రం ప్రతిసారీ చూడాలి. అది పాలవలె తెల్లబడితే చల్లార్చే గొట్టంలో నుండి నీరు చేరినట్లు. అప్పుడు పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడవలసి ఉంటుంది.

అదురును ఓర్చుకొని వేటకు పోయేవారున్నారు. వారి అవసరం నాకు తెలియనిది కాదు, మంచు బిళ్లలు నింపిన పడవను రేవులో నిలుపుకోవడం నష్టమే. కానీ అదురు ఒక్కచోట ఆగదు. షాఫ్టు చుట్టూ నీటిని ఆపే గ్లాండు తాడు వదులై పడవ అడుగున నీరు పెరుగుతుంది. ఇంజెక్టరు పైపు నెర్రె విచ్చి వేడి సైలెన్సరు మీద డీజిలు చిమ్మితే నడికడలిలో మంట. వీటికంటె ఘోరమైనది మొగ దాటే వేళ. గోదావరి మొగలోనైనా మరే ఏటి మొగలోనైనా, ఇసుక మేట మీద కెరటాలు విరుగుతున్న చోట సరంగు ఇంజనును స్లోకు దించి, అల వెంట మళ్లీ ఎత్తాలి. ఆ రెండు మూడు క్షణాలలో స్లోలో నిలవని ఇంజను ఆగిపోతే పడవ అడ్డం తిరుగుతుంది. రేవులో విసుగు పుట్టించే చిన్న లోపం అక్కడ ఆరేడుగురి ప్రాణాల సంగతి అవుతుంది.

మన దేశంలో మరపడవల వేటకు కేరళలో నీండకర వద్ద 1953లో ఇండో నార్వే పథకంతో బాట పడింది. నాటి నుండి యంత్రాలు మారాయి, మాటలూ వచ్చాయి. సోరా, రొయ్య, పాబ్లో, సోనా అని పడవలకు మన తీరం తనవైన పేర్లు పెట్టుకొన్నది. ఇంజను భాగాల పేర్లను మనవారు ఇంగ్లీషులోనే పలుకుతారు, అందులో కొరతేమీ లేదు. బేరింగుకు కొత్త తెలుగు మాట పుట్టించినంత మాత్రాన అది తక్కువ అరగదు. కొరత ఉన్నది లక్షణాలను వ్రాసి పెట్టుకొనడంలో. కేంద్ర మత్స్య నావికా శిక్షణ సంస్థకు కొచ్చితో పాటు చెన్నైలోనూ విశాఖలోనూ కేంద్రాలున్నాయి. అక్కడ శిక్షణ పొందివచ్చిన మన యువకులు ఇంజను పుస్తకాన్ని చదవగలరు. ఆ చదివినది సరంగుకు చేరాలంటే తెలుగులో ఒక్క పుట చాలును. పొరుగు రాష్ట్రాల రేవులలో ఉన్న మన పడవ సంఘాలు అటువంటి పుటను అచ్చు వేయించి ప్రతి ఇంజను గదిలో అంటించాలని కోరుతున్నాను.

ఆ పుటలో గడులు ఎక్కువ అక్కరలేదు. ఏ గేరులో, ఎన్ని చుట్ల వద్ద, ఊపా, వణుకా, అదురా, కుదుపా, గలగలా, గరగరా, చుట్లు పెంచితే పెరిగిందా తగ్గిందా, పొగ ఏ రంగు. తెల్ల పొగ కాలని డీజిలు, నల్ల పొగ చాలని గాలి లేక మించిన భారం, నీలి పొగ మండుతున్న ఇంజను నూనె. కింద కప్లింగు నాలుగు కొలతలకు నాలుగు గడులు, వాటి పక్కన తేదీ. పడవ నీటిలోకి దిగిన నాడు ఆ గడులు నింపరాదు. రెండు రోజులు నీటిలో నానిన తరువాత, డీజిలూ మంచూ మామూలు బరువుకు ఎక్కించిన తరువాత నింపాలి. జూన్ 15న దిగిన పడవకు ఆ తేదీ జూన్ 17 అవుతుంది. మల్పెలో ఆగస్టు 1న దిగే పడవకు ఆగస్టు 3.